రిలే

టైరు చెంప మీద నాలుగంకెలుంటయి.
చదవొస్తే అది దాని జాతకం:
ముప్పై రెండో వారం, పద్నాలుగో సాలు.
"గాడులు ఇంక నిండుగనే ఉన్నయి కద"
అంటడు ముదీరు, వేలు దూర్చి చూపిస్తడు.
నేను పక్కకు వంచి పగుళ్లు చూపిస్త,
ఎండకు ఎండీ ఎండీ
కాలిమడమ లెక్క విచ్చిన రబ్బరు.
"బుక్రా" అంటడు.
షువైఖ్ గ్యారేజీలల్ల
ఆ మాటకు క్యాలెండరు లేదు.

ఫహాస్ నాడు చూడాలె మా పనితనం.
కొత్త టైర్లు నాలుగే,
వ్యాన్లు అయిదు.
ఒకటి పాసై వచ్చుడు, జాకీ ఎక్కుడు,
చక్రాలు ఊడదీసుడు, ఇంకోదానికి బిగించుడు.
పెండ్లిచూపుల పొద్దు
వదినె గొలుసు మరదలి మెడలకు వచ్చినట్టు.
ఆ బోల్టులు బిగించింది ఈ చేతులే.
ఎవరో చేసిన్రని చెప్ప.

నవంబర్ల ఒక క్యారవాన్ వచ్చింది.
ఎడారిల డేరాలేసే కాలం.
లోపల పరుపు, పొయ్యి,
గోడకు పిల్లలు అంటించిన నక్షత్రాలు.
ఆసామి తాళంచెవి చేతిల పెట్టి ఒకటే అడిగిండు:
"ఇండ్ల నా పిల్లలు పంటరు.
గ్యాసు పైపు మంచిదేనా?"
సబ్బునురుగు పూసి చూసిన.
మూడు బుడగలు లేచినయి.
ఆ పూటే మార్చినం.
ఆయన మీద నాకు కోపం లేదు.
అడగవలసిందే అడిగిండు.
తెల్ల వ్యాను గురించి కూడ
ఎవరన్న అట్ల అడుగుతరేమోనని
ఎదురుచూసిన, అంతే.

తెల్ల వ్యాను సామాన్లు మోయనీకి పుట్టింది.
తర్వాత లోపల రెండు బల్లలు వెల్డింగు చేసిన్రు,
పదహారు మంది కూసుంటరు.
జారే తలుపుకు లోపలి దిక్కు పిడి లేదు,
గుల్ జమాన్ దిగొచ్చి తీస్తేనే తెరుచుకుంటది.
పిడి పోయిన కాడ నేనొక తాడు కట్టిన.
రెండు దినాలకు దాన్ని విప్పుకొని
ఎవరో సంచి కట్టుకున్నరు.
బ్రేకు ప్యాడు నా గోరంత మందం మిగిలింది.
రాసిచ్చిన. మూడుసార్లు.
మూడో కాయితంల ఖుబ్బూసు చుట్టుకున్నరు.

ఆ వ్యాన్లనే పోతడు లింబాద్రి,
నా పై మంచం మనిషి.
నిద్రల పండ్లు కొరుకుతడు,
అచ్చం ఇనుముకు ఇనుము రాసినట్టు.
ఒక రాత్రి ఆ చప్పుడుకు లేచి
మెట్లు దిగి
బానెటు లేపి
పంపు రిలే పీకి జేబుల ఏసుకున్న.
అగ్గిపెట్టెల సగముంటది.

పొద్దున నాలుగున్నర.
సెల్ఫు తిరుగుతది, బండి లేవది.
గుల్ జమాన్ వానికొచ్చిన అన్ని భాషల తిట్టిండు.
పదహారు మంది టిఫిను డబ్బలతోని నిలబడి, నిలబడి
ఏడుగంటలకు ఎవరి మంచం వాళ్లు ఎక్కిన్రు.
దినం కూలి కట్.
లింబాద్రి బిడ్డకు పరీక్ష ఫీజు కట్టే వారం.
"ఏ పాపిష్టోడు పీకిండో,
వాని చేతులు పడిపోను"
అనుకుంటనే నాకు చాయ పోసిచ్చిండు.
గ్లాసు పట్టుకున్న.
చేతులు బాగనే పట్టుకున్నయి.

కొత్త రిలేకు ముదీరు బుక్రా అనలే.
గంటల తెప్పిచ్చిండు.
ప్యాడ్లు మళ్ల అడిగిన.
"నడుస్తున్నది కద" అన్నడు.

శుక్రవారం తుక్కుబజార్ల బేరమాడిన.
లింబాద్రి దినం కూలి కంటె
అరదీనారు తక్కువకే వచ్చినయి.
ఆ రాత్రి ఫోన్ లైటు పండ్ల నడుమ పట్టుకొని
ముందటి రెండు చక్రాలకు ఎక్కిచ్చిన.
పాతవాటి తుక్కు
బ్రేకుబూడిదతోని నల్లగైన అంగీల మూటగట్టిన.

తెల్లారి ముదీరు చెవొగ్గి విన్నడు.
"చూసినవా, చప్పుడు దానంతటదే పోయింది.
నువ్వు ఊకె భయపెడ్తవు."

రిలే ఇంక నా జేబులనే ఉన్నది.
ముప్పై రెండో వారం, పద్నాలుగో సాలు
ఇప్పుడే గేటు దాటి
అయిదో రింగు రోడ్డెక్కింది.
నాలుగు టైర్లకు
నా జీతం చాలది.